కొండయ్యకో తిట్టు కావాలి

రోజారమణి రాసిన కథలో లారీ డ్రైవరు కొండయ్య, కీసర టోల్‌గేటు దగ్గర టైరు పేలినప్పుడు కిందికి దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, "అయ్యో, ఎంత పని జరిగింది" అన్నాడు. తంటా అంతా అక్కడే మొదలైంది.

రోజారమణి నందిగామ అవతల ఒక పల్లెటూరి హైస్కూల్లో తెలుగు టీచరు. పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పుకుంటూ, తీరిక దొరికినప్పుడు కథలు రాసుకునేది. పత్రికలవాళ్లు వేస్తే వేసేవాళ్లు, లేకపోతే లేదు. అలా ఉండగా జగ్గయ్యపేటలో చిన్నబాబు పరిచయమయ్యాడు. చిన్నబాబు గొంతు ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు, మనిషే ఎవరికీ తెలియదు. బట్టల షాపుల తగ్గింపు ధరలు, కంటి వైద్య శిబిరాలు, తప్పిపోయిన గేదెల ఆనవాళ్లు, ఆటోల మీద మైకుల్లో వినిపించేదంతా అతని గొంతే. బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల షాపు మీద గది అద్దెకు తీసుకుని, గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించి, దానికి స్టూడియో అని పేరు పెట్టుకున్నాడు. ప్రకటనలు చదివి చదివి విసుగెత్తి యూట్యూబులో కథల ఛానెల్ తెరిచాడు. రోజారమణి సీరియల్ ఆ ఛానెల్‌లో ఆదివారం ఆదివారం వచ్చేది.

సున్నపురాయి క్వారీల నుంచి ఫ్యాక్టరీలకు రాయి తోలే డ్రైవర్ల కథ అది. రోజారమణి భర్త దేవరాజ్ ఒక సిమెంటు ఫ్యాక్టరీలో లారీలు తూకం వేసే చోట పనిచేసేవాడు. అన్నం తింటూ అతను చెప్పే సంగతుల్లోంచే కొండయ్య పుట్టాడు. స్కూల్లో తెలిస్తే ఏమంటారోనని ఆమె తన పేరు పెట్టుకోకుండా, కూతురి పేరు మీద 'మహిమ' అని రాసేది.

టైరు పేలిన ఎపిసోడు వచ్చిన మర్నాడు చిన్నబాబు ఫోన్ చేశాడు.

"మేడమ్, కామెంట్లు చూశారా? ఈ డ్రైవరు సండేస్కూలు మాస్టారా అని అడుగుతున్నారు."

"అదేంటండీ? పాపం టైరు పేలింది, బాధపడ్డాడు."

"టైరు పేలితే డ్రైవరు బాధపడడండి. తిడతాడు. చదివేటప్పుడు నాకే నవ్వొచ్చింది. మీ కొండయ్యకో తిట్టు కావాలి మేడమ్."

రోజారమణికి తిట్లు తెలియక కాదు. వాటిని చేత్తో రాయడానికి మనసొప్పలేదు. మరుసటి ఎపిసోడులో తెలివిగా, తిట్టు రావలసిన చోట మూడు చుక్కలు పెట్టి పంపింది. చిన్నబాబు మళ్లీ ఫోన్ చేసి, చుక్కల్ని ఎట్లా చదవమంటారని అడిగాడు. రోజారమణి "దగ్గెయ్యండి" అంది. అతను నిజంగానే దగ్గాడు. ఎపిసోడు నిండా దగ్గాడు. ఆ వారం కామెంట్లలో చాలామంది కొండయ్యకు టీబీ వచ్చిందేమోనని ఆందోళన పడ్డారు. ఒకావిడ మంచి ఆసుపత్రి పేరు కూడా రాసింది.

సరే, అసలు తిట్లు ఎలా ఉంటాయో దగ్గర కూచుని విందామని, శనివారం ఒంటిపూట బడి అవగానే రోజారమణి బస్సెక్కి చిల్లకల్లు దగ్గర దిగింది. అక్కడ లారీలు ఆగే చోట ఒక టీ బండి ఉంది. దూరం నుంచి వినిపిస్తున్న కేకలు, ఆమె దగ్గరికి వెళ్లేసరికి టక్కున ఆగిపోయాయి. ఒకాయన లేచి కుర్చీ తుడిచి వేశాడు. ఇంకొకాయన, "మా పాప మీ దగ్గరే తొమ్మిదో తరగతండీ, ఎట్టా చదువుతుంది?" అని అడిగాడు. అల్లం టీ తాగినంతసేపూ అందరూ మీరు, అండి, దయచేసి అని మాట్లాడుకున్నారు. ఒకడి కాలి మీద నుంచి ఎవరిదో మోటారుసైకిలు చక్రం వెళ్లినా, అతను ఆమె వంక చూసి, పళ్లు బిగపట్టి, "పర్లేదండి" అన్నాడు. టీ డబ్బులు కూడా ఇవ్వనివ్వలేదు.

ఆమెకు కావలసింది తిరుగు బస్సులో దొరికింది. కిటికీలోంచి కర్చీఫ్ వేసి ఆపుకున్న సీటు కోసం ఇద్దరు మగవాళ్లు గొడవపడ్డారు. ఒకరినొకరు ముట్టుకోలేదు గానీ, ఒకడి తల్లిని ఇంకొకడు, వాడి అక్కను వీడు, ఆ తర్వాత పెళ్లాలను, చివరికి కులాలను, ఒక్కరినీ వదలకుండా తిట్టుకున్నారు. రోజారమణి పరీక్షకు చదివే పిల్లలా చెవులు రిక్కించి వింది. నందిగామ వచ్చేసరికి ఆ ఇద్దరూ ఒకే సీట్లో సర్దుకుని కూచుని మిర్చి ధర గురించి మాట్లాడుకుంటున్నారు. వాళ్ల తల్లులూ అక్కచెల్లెళ్లూ మాత్రం ఇంకా బస్సు నడవాలో కిందపడి ఉన్నట్టే అనిపించిందామెకు.

ఇంటికి వస్తుంటే చిన్నప్పటి సంగతి ఒకటి గుర్తొచ్చింది. వాళ్లది చందర్లపాడు. అమ్మా నాన్నా నాట్లకు వెళ్తుంటే ఆమె గట్టు మీద ఆడుకునేది. ఒకరోజు బురదలో ఎద్దు మొరాయించింది. పొలం ఆసామి ముల్లుకర్ర ఎత్తి దాన్ని తిట్టిన తిట్టు, రోజారమణి వాళ్ల కులం పేరు. అది విని ఆ పిల్ల సంబరంగా వాళ్లమ్మ దగ్గరికి పరిగెత్తి, "ఆ ఎద్దు కూడా మనోళ్లేనా అమ్మా?" అని అడిగింది. వాళ్లమ్మ ముందు నవ్వింది. తర్వాత నవ్వలేదు. నారుకట్ట అందుకుని అటు తిరిగింది.

ఆ మాట కొండయ్య నోట్లో పెట్టడం తన వల్ల కాదు. ఆ బస్సులో విన్నవీ కాదు. కానీ కొండయ్య దగ్గుతూనూ ఉండలేడు. ఆ సాయంత్రం వంటింట్లో పోపు వేస్తుంటే ఆమెకు తట్టింది. ఉన్న తిట్లు పనికిరావు, సరే, లేని తిట్టు తయారు చేస్తే పోలా?

అత్తగారు జయమణి గడప దగ్గర పీట వేసుకుని వెల్లుల్లి వలుస్తోంది. ఆవిడ చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. ఆవిడ ఉన్నచోట పాస్టరు గారు కూడా గొంతు తగ్గించి మాట్లాడతారు. రోజారమణి మూకుడు వంక చూస్తూ మెల్లగా, "సురభంగీ" అంది.

"ఎవర్నమ్మాయ్ పిలుస్తున్నావు?"

"పిలవడం కాదత్తయ్యా. తిడుతున్నా."

"ఎవర్ని?"

"ఎవర్నీ కాదు. కథలోకి." సంగతంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ భయంగానే ఉంది. జయమణి విని, వలిచిన పాయలు గిన్నెలో వేసి, "తిట్టంటే పళ్లెం కింద పడ్డట్టుండాలి. ఇదేంటి, పెళ్లికూతురి పేరులాగా" అంది.

రోజారమణి 'దబ్బకోలు' అంది. అది కూరగాయలా ఉందందావిడ. 'పుల్లిమ్మడి' అంది. ఊరి పేరులా ఉంది, బస్సు దొరకదేమో అందావిడ. ఇలా కాదని రోజారమణి గరిటె పక్కన పెట్టి, తనకు తెలిసిన వ్యాకరణం అంతా పోగేసింది. మొదట్లో పరుషం ఉండాలి, అనగానే నాలుక అంగిట్లో కొట్టుకునేట్టు. మధ్యలో నిండుసున్న ఉండాలి, మోగేట్టు. చివర ఎంత దూరమైనా దీర్ఘం తీసే వీలుండాలి, రోడ్డుకు అవతలి వాడికి కూడా వినపడేట్టు.

"టొంకర" అంది. "నీ టొంకర తెగ."

జయమణి చేతిలో వెల్లుల్లి ఆగింది. "ఇది తగిలింది" అంది. "అర్థమేంటమ్మాయ్?"

"ఏం లేదత్తయ్యా."

"అర్థం లేకుండా తిడితే పాపం వస్తుందంటావా?"

"ఎవరికీ తగలందే పాపమెట్టా వస్తుందత్తయ్యా?"

ఆవిడ ఆలోచించి ఆలోచించి, "ఏమో, రేపు చర్చిలో అడిగి చెబుతా" అంది. అడిగిందో లేదో గానీ, సోమవారం పొద్దున పాలు పొంగిపోయినప్పుడు వంటింట్లోంచి గట్టిగా, "నీ టొంకర తెగ" అని వినిపించింది. తర్వాత చాలాసేపు ప్రార్థన వినిపించింది.

చిన్నబాబు ఆ మాట చూసి మొదట పెదవి విరిచాడు. మైకు ముందు కూచుని కళ్లు మూసుకుని, క్వారీలో బండరాయి జారి లారీ క్యాబిన్ మీద పడ్డట్టు ఊహించుకుని ఒక్కసారి అన్నాడు. కింద సెల్‌ఫోన్ల షాపు యజమాని, పైన ఎవరో కొట్టుకుంటున్నారని మెట్లెక్కి పరిగెత్తుకొచ్చాడు. చిన్నబాబు అతన్ని చూసి మురిసిపోయి, "వచ్చింది మేడమ్" అని ఫోన్లో చెప్పాడు.

కొండయ్య మాట జనంలో పడింది. టీ బండ్ల దగ్గర అన్నారు, బస్సుల్లో అన్నారు. జగ్గయ్యపేటలో ఒకతను ఆటో వెనకాల 'గుద్దితే నీ టొంకర తెగ' అని రంగుల్లో రాయించుకున్నాడు. దేవరాజ్ రోజూ ఫ్యాక్టరీ నుంచి వచ్చి ఈ రోజు ఎవరు ఎవర్ని అన్నదీ లెక్క చెప్పేవాడు. రోజారమణి పైకి ఊరుకున్నా, లోపల్లోపల పొంగిపోయింది. తను రాసిన వాక్యం ఒక్కటి ఇన్ని నోళ్లలో తిరగడం ఆమెకు అదే మొదటిసారి.

ఆ సంతోషం ఒక సోమవారం పొద్దున స్కూల్లో ఆగింది. హెడ్మాస్టరు వరప్రసాదరావు కబురంపారు. ఆయన దేనికైనా పద్ధతి ఉండాలనే మనిషి. సుద్దముక్క సగం విరిగినా కారణం అడుగుతారు. ఆయన గదిలో దశరథరామయ్య కూచుని ఉన్నాడు. నందిగామలో ఎరువుల షాపు, ఊళ్లో మాగాణి, రెండు ట్రాక్టర్లు ఉన్న పెద్దమనిషి. పక్కనే ఆయన మనవడు నవీన్‌బాబు తల దించుకుని నిలబడ్డాడు. గోడకు ఆనుకుని అదే తరగతి పిల్ల యశస్విని, చేతులు కట్టుకుని, తల దించుకోకుండా నిలబడింది.

"మేడమ్, ఈ అమ్మాయి ఈ అబ్బాయిని ఒక మాట అన్నదట" అన్నారు హెడ్మాస్టరు. ఆ మాట నోటితో అనకుండా కాగితం మీద రాసి, తిప్పి చూపించారు. టొంకర.



"మీరు తెలుగు కాబట్టి ఇది బూతో కాదో మీరే తేల్చాలి. నేను పొద్దున్నుంచీ పెద్ద నిఘంటువు తిరగేశా. ఎక్కడా లేదు."

"నిఘంటువులో కూడా వెయ్యలేదంటే ఎంత పెద్ద బూతో చూడండి" అన్నాడు దశరథరామయ్య. "చప్పుడులోనే తెలుస్తుంది కదండీ. మా ఇంటావంటా లేవు ఇట్టాంటి మాటలు. పిల్లల నోళ్లు ఏమైపోతన్నయ్యో..."

ఇంతలో ఆయన ఫోను మోగింది. ట్రాక్టరు డ్రైవరు. యూరియా బస్తాలు వేరే ఊళ్లో దింపేశాడట. దశరథరామయ్య కుర్చీలోంచి లేవకుండానే అతని తల్లిని ఒక మాటన్నాడు. ఆ వెంటనే ఇంకొక మాటన్నాడు. ఆ రెండోది, చందర్లపాడు పొలంలో ఎద్దును తిట్టిన మాటే. ఫోను జేబులో పెట్టుకుని, ఏమీ జరగనట్టు, "ఏమైపోతన్నయ్యో తెలవట్లేదండీ" అని వాక్యం పూర్తి చేశాడు.

హెడ్మాస్టరు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. రోజారమణి యశస్వినితో, "ఎందుకన్నావమ్మా?" అంది.

"వాడు ముందు మా అమ్మని అన్నాడు మేడమ్. నాకు ఏడుపొచ్చింది. కానీ వాళ్లమ్మ నన్నేం అనలేదు కదా. మంచావిడ, నేను వెళ్తే జంతికలు పెట్టిద్ది. ఆవిణ్ణి నేనెట్టా అంటా? అందుకని వాణ్ణే టొంకరన్నా."

"ఏమన్నావురా వాళ్లమ్మని?" అన్నాడు దశరథరామయ్య మనవడితో.

నవీన్‌బాబు నేల చూపులు చూస్తూ, "ఇందాక నువ్వు ఫోన్లో ఫస్ట్ అన్నదే తాతయ్యా" అన్నాడు.

ఇక్కడితో వదిలేస్తే రోజారమణి పేరు బయటికి రాదు. అర్థం లేని మాటండీ అని చెప్పి క్లాసుకు వెళ్లిపోవచ్చు. కానీ ఆమె వెళ్లలేదు.

"ఆ మాటకి అర్థం లేదండి" అంది. "అర్థం లేకుండా చూసి నేనే తయారు చేసా. కొండయ్య కథ రాసేది నేనే."

హెడ్మాస్టరు కళ్లజోడు పెట్టుకున్నారు. "మీరా?"

"నేనేనండి. తిట్టు లేకుండా డ్రైవరు మాట్లాడటం లేదు. ఉన్న తిట్లన్నీ చూసా. తిట్టేది ఒకణ్ణి, తగిలేది ఇంకొకళ్లకి." ఆమె దశరథరామయ్య వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "ఇందాక మీరు మీ డ్రైవరుని అన్న మొదటి మాట వాళ్లమ్మకి తగిలిందండి. ఆవిడ ఈ పాటికి ఇంట్లో పని చేసుకుంటా ఉంటుంది. రెండోది మా వాళ్ల పేరు. మా నాన్నది, మా అమ్మది, నాది."

దశరథరామయ్య చెవులు ఎర్రబడ్డాయి. "మిమ్మల్ని కాదు మేడం గారూ. అది... అలవాటులో వచ్చేసిద్ది. ఎవర్నీ అనుకుని అనను."

"నాకు తెలుసండి. ఎవర్నీ అనుకోకుండా అనడానికి మాట కావాలంటే, నాది వాడుకోండి. అందుకే చేసా."

ఆమె ఎకసెక్కానికి అనలేదు. అది ఆయనకూ అర్థమైనట్టుంది, కోపం తెచ్చుకోలేదు. మేజా మీద ఉన్న కాగితం తన వైపు తిప్పుకుని చదివాడు. చివరికి లేచి, "తప్పేనండి" అన్నాడు మెల్లగా. యశస్విని దగ్గరికి వెళ్లి, "మీ అమ్మకి చెప్పమ్మా, మావాడు రేపొచ్చి క్షమించమని అడుగుతాడని" అన్నాడు. మనవడి భుజం మీద చెయ్యేసి బయటికి నడిపించుకుపోయాడు.

యశస్విని కూడా వెళ్లాక రోజారమణి నిలబడే ఉంది. పద్ధతి మనిషి ఏమంటారో, పై ఆఫీసుకు రాస్తారేమోనని ఎదురుచూస్తోంది. వరప్రసాదరావు తాను రాసిన కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

"క్లాసులో మాత్రం వద్దని పిల్లలకి చెప్పండి మేడమ్. గ్రౌండులో అంటే నాకు వినపడదు." గుమ్మం దాకా వచ్చి, చుట్టూ చూసి, "ఆ కథ ఫోన్లో ఎట్టా పెట్టుకోవాలో కొంచెం చూపిస్తారా?" అని అడిగారు.

ఆ వారమంతా ఆయన మొదటి ఎపిసోడు నుంచి వింటూ వచ్చారు. రోజూ ప్రార్థన అయ్యాక ఒక సందేహంతో స్టాఫ్‌రూముకు వచ్చేవారు. దగ్గు ఎపిసోడు దగ్గర మాత్రం, కొండయ్య ఒకసారి ఎక్స్‌రే తీయించుకోవాల్సిందని గట్టిగా అభిప్రాయపడ్డారు.

కొన్నాళ్ల తర్వాత రోజారమణి నందిగామ సెంటర్లో బత్తాయిలు బేరం చేస్తుంటే, ఎదురుగా దశరథరామయ్య షాపు ముందుకు ట్రాక్టరు వెనక్కి వచ్చింది. వస్తూ వస్తూ షాపు బోర్డును ఈడ్చి, ఎండకు వేసిన రేకుల పందిరి గుంజను తన్నింది. పందిరి ఒక పక్కకు ఒరిగింది. దశరథరామయ్య చెయ్యి పైకెత్తుకుంటూ బయటికొచ్చాడు. చుట్టూ జనం ఏం వస్తుందోనని చూస్తున్నారు. ఆయన నోరు తెరిచాడు. పాత మాట గొంతు దాకా వచ్చినట్టే ఉంది, దాన్ని మింగాడు. ఇంకొకటి వచ్చింది, దాన్నీ మింగాడు. మొహం కందగడ్డలా అయింది.

"ఒరే... ఒరే... డింకపోతా!"

ట్రాక్టరు డ్రైవరు ఇంజను ఆపి కిందికి దిగాడు. "అంటే ఏందండీ బాబుగారూ?"

"నాకేం తెలుసురా. ముందు బండి ముందుకి తియ్యి."

డ్రైవరు నవ్వాడు. పళ్లబండి వాడు నవ్వాడు. తను అన్నది తనకే వినిపించి దశరథరామయ్యకూ నవ్వు ఆగలేదు. అప్పుడు రోడ్డుకు ఇవతల రోజారమణిని చూసి, దొరికిపోయినవాడిలా కండువా సర్దుకున్నాడు. ఆమె రోడ్డు దాటి వెళ్లింది. ఆ మాట పరుషంతో మొదలవకపోయినా బ్రహ్మాండంగా పేలింది. తన వ్యాకరణం కాస్త సవరించుకోవాలి అనుకుంది.

"బాగుందండి" అంది. "మా కొండయ్యకి వాడుకోనా?"

"వాడుకోండి మేడం గారూ. నా పేరు మాత్రం చెప్పమాకండి."

పేరు వద్దన్నాడే గానీ, ఆ మాట వచ్చిన ఆదివారం ఎపిసోడును షాపులో స్పీకరు పెట్టి మరీ వినిపించాడట. కొండయ్య నోరు తెరవబోయే చోట, బస్తాలు మోసేవాళ్లను కూడా చెయ్యెత్తి ఆపాడట.